వాన తగ్గలేదు, అదను తప్పింది: మెట్ట సేద్యం, మన తిండిగింజల గురించి ఒక చర్చ

పాత పంతులు (కదిరి దగ్గరి పల్లె)

సభ్యులందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి, ఇప్పుడు మా నాయన విడిచిపోయిన ఐదెకరాల ఎర్రనేలలో సేద్యం చేసుకుంటున్నాను. బడిలో పిల్లలకు వాన కొలవడం నేర్పేవాణ్ణి. ఆ అలవాటు పోక, పదవీ విరమణ అయ్యాక సొంతంగా ఒక వానగేజి కొని మిద్దె మీద పెట్టుకున్నాను. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచి నోటు పుస్తకంలో రాస్తాను.

మొన్న ఒక సమావేశంలో, గడిచిన ముంగారులో (ఖరీఫ్‌లో) మా ప్రాంతంలో సాధారణ వర్షపాతమే నమోదైందనీ, కాబట్టి కరువు కింద లెక్కవేయడానికి వీలుపడదనీ చెప్పారు. ఇంటికొచ్చి పుస్తకం తీసి కూడి చూసుకుంటే వాళ్లు చెప్పింది అబద్ధం కాదని తేలింది. మొత్తంలో లోటు లేదు. కానీ నా చేలో ఎకరాకు మూడు బస్తాల కాయ కూడా రాలేదు.

జరిగింది ఇది. పునర్వసు కార్తెలో మంచి పదునైతే మూడెకరాల్లో వేరుశనగ విత్తి, మధ్యమధ్య కంది సాళ్లు వేశాను. మొలక బాగుంది, పూత బాగుంది. తీరా ఊడలు, అంటే పూత తర్వాత నేలలోకి దిగి కాయగా మారే కాడలు, దిగే వేళకు వాన ముఖం చాటేసింది. నా పుస్తకంలో వరుసగా ముప్పై నాలుగు సున్నాలున్నాయి. మఖ ఎండిపోయింది, పుబ్బ ఎండిపోయింది. 'మఖ పుబ్బలు వరుపైతే మహాక్షామం' అని మా అవ్వ అంటుండేది. ఊడ నేలను తాకింది గానీ గట్టిపడిన మట్టిలోకి దిగలేక, కొన నల్లబడి, పైనే వంకరపోయి నిలిచిపోయింది. ఆ తర్వాత చిత్త కార్తెలో మూడు రాత్రుల్లో కురిసిన వాన, అంతకుముందు రెండు నెలల్లో కురిసినదానికంటే ఎక్కువ. పీకడానికి కూలీలను మాట్లాడుకున్న చేను నీళ్లలో నానింది. నాలుగోనాడు ఒక చెట్టు పీకి మట్టి దులిపి చూస్తే, నిండిన ఐదు కాయల్లో రెండు పెంకు చీల్చుకుని తెల్లటి మొలకలు బయటపెట్టాయి. పశువుల మేతకు ఉంచే వేరుశనగ కట్టె బూజుపట్టి, ఎద్దులు కూడా మూతి తిప్పుకున్నాయి.

కాగితం మీద ఆ ముప్పై నాలుగు సున్నాలనూ ఆ మూడు రాత్రుల వానా పూడ్చేసింది. చేలో పూడ్చలేదు. విత్తనం, బీమా, కరువు ప్రకటన, రుణం, అన్నీ మొత్తాలమీదా సగటులమీదా నడుస్తున్నప్పుడు, అదను తప్పిన వానను లెక్కలోకి తెచ్చేది ఎట్లా? మీమీ ప్రాంతాల్లో ఏమి చూస్తున్నారో రాయమని మనవి.


సేద్యశాస్త్రి (తిరుపతి, విశ్రాంత వ్యవసాయ శాస్త్రవేత్త)

పంతులు గారు ఒక చెట్టు పీకి చూసి చెప్పినది మేము పరిశోధన కేంద్రాల్లో ఏళ్ల తరబడి చూసిందే. కొంచెం వివరంగా రాస్తాను, విసుగు చెందవద్దు.

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అవతలే దింపుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇక్కడిదాకా వచ్చేసరికి చాలావరకు ఖాళీ అయి ఉంటాయి. రెండు వైపులా వానచాటున పడిన నేల ఇది. ఇంత తక్కువ వానలోనూ వేరుశనగ పండిందంటే, ఆ పంట బెట్టను ఓర్చుకోవడమే కారణం. మొదటి ముప్పై రోజుల్లో బెట్ట వస్తే అది పెద్దగా నష్టపోదు, వేరు లోతుకు పోయి ఒకరకంగా మేలు కూడా జరుగుతుంది. ఊడలు దిగి కాయ ఊరే దశలో మాత్రం అది బెట్టను తట్టుకోలేదు. నలభయ్యో రోజు దగ్గర మొదలయ్యే ఆ దశ సరిగ్గా మఖ, పుబ్బ కార్తెల్లో పడుతుంది.

ఇక కాయలోనే మొలకెత్తడం గురించి. మన ప్రాంతంలో వేసే, నేలమీద పాకకుండా గుబురుగా పెరిగే గుత్తి రకాలకు, 1940లో తిండివనం నుంచి వచ్చిన టి.ఎం.వి-2 అయినా, తర్వాత కదిరి నుంచి వచ్చిన కె-6 అయినా, విత్తన నిద్రావస్థ దాదాపు లేదు. కాయ పక్వానికి వచ్చిన వెంటనే తడి తగిలితే మొలకెత్తుతుంది. కోత సమయం పొడిగా ఉంటుందన్న నమ్మకంమీద ఎంచుకున్న రకాలివి. ఆ నమ్మకమే ఇప్పుడు సడలుతోంది.

వాతావరణ మార్పు ఇందులో ఎక్కడ ఉందంటే, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచుకోగలదు. పట్టి ఉంచినన్నాళ్లూ నేల ఎండుతుంది, విడిచినప్పుడు కుమ్మరిస్తుంది. కాబట్టి సంవత్సరం మొత్తం మారకపోయినా, వాన రోజులు తగ్గి, ఒక్కో వాన బరువు పెరుగుతుంది. మనుషుల వల్ల కలిగిన వేడి గడచిన యాభై ఏళ్లలో వ్యవసాయ ఉత్పాదకత పెరుగుదలను మందగింపజేసిందనీ, ఆ దెబ్బ ఎక్కువగా మధ్య, దిగువ అక్షాంశాల దేశాలమీద పడిందనీ ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం 2022 నివేదికలో రాసింది. 2023 ఆగస్టును గుర్తు తెచ్చుకోండి. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశం మొత్తంమీద అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. పంతులు గారి మఖ కార్తె ఆ నెలలోనే వస్తుంది, పుబ్బ దాని వెనకే.


ధాత కరువు (ధర్మవరం)

పెద్దలు క్షమించాలి, నాకు ఈ వాదన పూర్తిగా మింగుడుపడదు. సీమకు కరువు కొత్తా? నా సభ్యనామం చూడండి. 1876లో మొదలైన ధాత కరువులో మా ఊళ్లు సగం ఖాళీ అయ్యాయని తాతలు చెప్పుకునేవారు. అప్పుడు కార్లూ లేవు, ఇంత బొగ్గు పొగా లేదు. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్న సామెత ఎవరో సరదాకు కట్టలేదు. ఉత్తర కార్తెలో కూడా వాన పడకపోతే గంప నెత్తిన పెట్టుకుని వలసపోవడం తరతరాలుగా ఉన్నదే.

నా దృష్టిలో అసలు తప్పు పంట ఎంపికది. మా తాత చేలో కొర్ర, సజ్జ, జొన్న, ఉలవ, అలసంద, ఆముదం, కంది అన్నీ ఉండేవి. 1986లో నూనెగింజల మిషన్ వచ్చాక విత్తనానికి రాయితీ, అప్పు, గిట్టుబాటు ధర ఆశ అన్నీ వేరుశనగ చుట్టూనే తిరిగాయి. ఒక దశలో జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లు ఒక్క ఆ పంటే. 2000 సంవత్సరంలో కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చి రెండు లక్షల హెక్టార్లకు పైగా ఒక్క ఊపున దెబ్బతిన్నది. తామర పురుగులూ వయ్యారిభామ పుప్పొడీ కలిసి మోసుకొచ్చిన వైరస్ అది. దానికి వాతావరణాన్ని నిందిస్తామా? జిల్లా అంతా ఒకే పంట పరిచిపెట్టి తెగులును పిలిచింది మనమే. ఇప్పుడు 'వాతావరణ మార్పు' అనే మాట దొరికేసరికి, అందరూ తమ తప్పును ఆకాశంమీదికి నెట్టేస్తున్నారు.


పాత పంతులు

ధాత కరువు గారి కోపంలో న్యాయం ఉంది. ఒకే పంటకు అలవాటుపడటం మన తప్పే, నాది కూడా. అయితే ఒక్క సంగతి. మా తాతల కాలంలో ఏ కార్తెకు ఏ విత్తనం అన్నది నోటికి వచ్చేది, పదేళ్లలో ఆరేడేళ్లు అది పనిచేసేది. కరువు ఏడు కరువే, వాన ఏడు వానే. 2021 నవంబరులో మా కదిరిలో ఇళ్లు కూలి మనుషులు చనిపోయేంత వాన చూశాం. అదే వారంలో రాజంపేట దగ్గర చెయ్యేరుమీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రెండేళ్లు తిరగకముందే 2023లో మండలాలకు మండలాలు కరువు. నేను చెప్పిన ఏడాదిలో ఈ రెండూ ఒకే చేలో మూడు నెలల లోపే వచ్చాయి. సామెతలో గంప ఎత్తమన్నారు గానీ, గంప ఎత్తుకుని వెళ్లినవాడు వరదకు తిరిగి రావాలని చెప్పలేదు.


కృష్ణ ఒడ్డు (దివిసీమ, కౌలు రైతు)

మీ చర్చ చదువుతుంటే, కాలువ నీళ్లున్న మేము హాయిగా ఉన్నామని మీరు అనుకుంటారేమోనని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను కౌలుకు ఎనిమిదెకరాలు చేస్తాను. కాలువకు నీళ్లు ఆలస్యంగా వదిలితే నాట్లు ఆలస్యం అవుతాయి. నాట్లు ఆలస్యమైతే కోత సరిగ్గా తుఫాన్ల నెలల్లో పడుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి నా చేలో కొంత కోసి పనలమీద ఉంది, కొంత నిలువునా ఉంది. సాంబ మసూరి, అదే బి.పి.టి 5204, తినడానికి ఎంత బాగుంటుందో గాలికి అంత తేలిగ్గా పడిపోతుంది. పడ్డ పైరు నీళ్లలో ఆరు రోజులు ఉంది. కంకి చేత్తో పట్టుకుంటే వేళ్లకు మొలకలు తగిలాయి. పంతులు గారు రాసిన మొలకలే, పంట వేరు, అంతే.

ఆ తర్వాతి కథ ఇంకా చేదు. కొనేచోట తేమ 17 శాతం దాటితే తీసుకోరు. ఎండ లేదు, టార్పాలిన్లు దొరకలేదు. రోడ్డుమీద ఆరబోసి రాత్రంతా కాపలా కాశాం. రంగు మారిన ధాన్యాన్ని మిల్లువాళ్లు చెప్పిన ధరకు ఇచ్చేశాం. నష్టపరిహారం పొలం ఎవరి పేరున ఉందో వారి ఖాతాలో పడింది. యజమాని మంచివాడు కాబట్టి సగం ఇచ్చాడు. కౌలు బస్తాలు మాత్రం పూర్తిగా కొలవాల్సి వచ్చింది.

శాస్త్రి గారిని ఒకటి అడుగుతున్నాను. మునిగినా బతికే వరి ఉందంటారు, నిజమేనా?


సేద్యశాస్త్రి

ఉంది. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం వారి స్వర్ణ, అంటే ఎం.టి.యు 7029, రకంలోకి ముంపును ఓర్చే జన్యువును చేర్చి స్వర్ణ సబ్-1 అనే రకాన్ని తయారుచేశారు. 2009 నుంచి మన దేశంలో సాగులో ఉంది. నాటిన తర్వాత ఎదిగే దశలో రెండు వారాలదాకా పూర్తిగా మునిగినా మళ్లీ లేస్తుంది. కానీ మీకు వచ్చిన కష్టం ఎదిగే దశలోది కాదు, కోత దశలోది. కంకి పండి పడిపోయాక ఆ జన్యువు చేసేదేమీ ఉండదు. అక్కడ కావలసింది పడిపోని గట్టి కాండం, గింజకు కాస్త నిద్రావస్థ, అన్నిటికంటే ముందు కాలువ నీళ్లు వేళకు రావడం. విత్తనంతో అన్నీ తీరుతాయని నేను కూడా ఒకప్పుడు నమ్మేవాణ్ణి.

వరి గురించి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. పగటి ఎండ గురించి అందరూ మాట్లాడతారు. వరికి రాత్రి వేడి కూడా శత్రువే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో 1992 నుంచి 2003 వరకు సేకరించిన దిగుబడి లెక్కలను బట్టి, పొడి కాలపు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్టు తేలింది. చేను చూడ్డానికి పచ్చగానే ఉంటుంది, రాత్రంతా ఊపిరి పీలుస్తూ పగలు కూడబెట్టిందాన్ని ఖర్చు పెట్టేస్తుంది.


కాకినాడ రేవు

నేను రైతును కాను. బియ్యం ఎగుమతి లెక్కలు రాసే ఉద్యోగిని. చేలో జరిగిన దెబ్బ ఎంతదూరం పోతుందో మా రేవులో కూర్చుంటే తెలుస్తుంది.

2022 మార్చి దేశంలో రికార్డుల్లోకెల్లా వేడి మార్చి. గోధుమ గింజ సరిగా నిండలేదు, మే 13న గోధుమ ఎగుమతి ఆపేశారు. అదే ఏడాది జూన్, జూలైల్లో ఉత్తరప్రదేశ్, బీహార్, జార్ఖండ్, బెంగాల్‌లో వాన తక్కువై నాట్లు వెనకబడ్డాయి. సెప్టెంబరులో నూకల ఎగుమతి నిలిపివేశారు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యానికీ నిషేధం వచ్చింది. అది మళ్లీ 2024 సెప్టెంబరు చివరిదాకా కొనసాగింది. ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మన దేశానిదే అయినప్పుడు, మనం తలుపు వేసుకుంటే అవతల ఎవరి పొయ్యి ఆరుతుందో ఆలోచించండి.

మా రేవు నుంచి నూకలు ఎక్కువగా పోయేది పశ్చిమ ఆఫ్రికాకు. మన దగ్గర నూకలంటే కోళ్లకో, జావకో, సారా బట్టీకో. సెనెగల్‌లో చేపలతో కలిపి వండుకునే వాళ్ల ముఖ్యమైన అన్నం నూకలతోనే చేస్తారు, ముక్కవ్వని బియ్యమిస్తే రుచి కుదరదంటారు. ఆ ఏడాది బీహారులో వాన పడకపోతే సెనెగల్ రాజధాని డకార్‌లో నూకల బస్తా ధర పెరిగింది. అక్కడి గృహిణికి బీహారు ఎక్కడుందో తెలియదు. మన ప్రభుత్వం చేసింది తప్పని నేను అనను, ఇంట్లో పిల్లలకు చాలనప్పుడు అమ్ముకోలేం. రేవులో లోడు ఆగి, లారీలు వరుసగా నిలబడి, హమాలీలకు పని లేక కూర్చున్న ఆ వారం మాత్రం నాకు గుర్తుండిపోయింది.


టెక్సాస్ తెలుగు

ఆ జూలై వారాంతం మాకూ గుర్తుంది. వార్త వచ్చిన రెండో రోజుకే ఇక్కడి భారతీయ దుకాణాల్లో సోనా మసూరి బస్తాలకోసం బారులు తీరారు. మనిషికి ఒక్క బస్తా అని కాగితం అంటించారు. నేనూ నిలబడ్డాను, సిగ్గుగానే చెబుతున్నాను, ఎందుకంటే ఇంట్లో అప్పటికే ఒక బస్తా ఉంది. సెనెగల్ సంగతి ఇప్పుడే చదివాను. మాకు కలిగింది ఇబ్బంది, వాళ్లకు కలిగింది ఆకలి.


కొర్రల అక్క (చెన్నేకొత్తపల్లి వైపు)

పంతులు గారికి నమస్కారం. నేను పదో తరగతిదాకా చదివాను, తప్పులుంటే మన్నించండి. నాలుగెకరాలు మాది. నేనూ మా అత్తా కలిసి చేస్తాం, మా ఆయన బెంగళూరులో పనికి పోతాడు.

మేము ఆరేళ్లుగా వానకంటే ముందే విత్తుతున్నాం. వినడానికి పిచ్చిగా ఉంటుంది. ఎండాకాలంలో, నేల పొడిగా ఉండగానే, కొర్ర, సజ్జ, అలసంద, పెసర, అనుము, నువ్వు, ఆముదం, ఆకుకూరలు, ఇట్లా పదిహేను ఇరవై రకాల గింజలకు మట్టీ బూడిదా, ఆవుపేడ మూత్రాలతో చేసే జీవామృతమూ పట్టించి గుళికలు చేస్తాం. జల్లెడలో వేసి తిప్పుతుంటే సున్నుండల మాదిరి గుండ్రంగా వస్తాయి. వాటిని చల్లి పైన కట్టె, ఆకు కప్పుతాం. గుళికలోని గింజ ఒక చినుకుకు మోసపోయి మొలవదు, నేలలోకి తడి సరిపడా దిగితేనే లేస్తుంది. రోహిణిలో ఒక్క అదాటు వాన పడినా చాలు, మృగశిరకల్లా నేల పచ్చగా ఉంటుంది. కొంత ఆవులకు కోస్తాం, కొంత మేమే తింటాం, మిగిలింది నేలలోకి కలిపి ప్రధాన పంట వేస్తాం. ముప్పై రోజుల బెట్ట వచ్చినా కప్పిన నేలలో వేలు పెడితే తడి తగులుతుంది. పక్క చేలో గడ్డపార వేసినా దిగదు.

నష్టాలు కూడా చెప్పాలి. కొర్ర ఒక్కరే వేస్తే ఊళ్లోని పిట్టలన్నీ వాళ్ల చేలోనే ఉంటాయి. మొదటి ఏడాది నేను తెల్లారుజామున డబ్బా కొట్టుకుంటూ గట్టు చుట్టూ తిరిగాను. పది కుటుంబాలు కలిసి వేశాకే మాకు గింజ మిగిలింది. రెండోది, కొర్రల పొట్టు తీయడం. మా అత్త కాలంలో రోకటితో దంచి దంచి ఆడవాళ్ల భుజాలు పడిపోయేవి. వరి బియ్యం వచ్చినప్పుడు వాళ్లు ఎందుకు సంతోషించారో నాకు బాగా తెలుసు. చిన్న మిల్లు దగ్గర్లో లేకపోతే కొర్ర గురించి ఎవరూ ఉపన్యాసం చెప్పవద్దు. మూడోది ధర. ఊళ్లో కొనేవాడు అడిగే ధరకూ, పట్నంలో ప్యాకెట్టుమీద రాసే ధరకూ మధ్య ఎవరు తింటున్నారో మాకు తెలియదు.


ధాత కరువు

అక్క చెప్పింది కళ్లకు కట్టినట్టుంది, పిట్టల మాట మరీ. మా చిన్నప్పుడు చేలో మంచె ఉండేది, వేరుశనగ వచ్చాక మంచెలు పోయాయి. అయితే ఒక సందేహం ఉంచుతాను. ప్రకృతి సేద్యం అనగానే బహుమతులూ సభలూ ఎక్కువైపోయాయి. మన రాష్ట్రపు కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది, సంతోషమే. కానీ నాలుగెకరాలు శ్రద్ధగా చేసే ఇద్దరు ఆడవాళ్ల చేలో పనిచేసింది, ఇరవై ఎకరాలు కౌలుకు తీసుకుని ఏడాదిలో అప్పు తీర్చాల్సినవాడి దగ్గర పనిచేస్తుందా? నేలలో తడి నిలవడానికి మూడేళ్లు పడితే ఆ మూడేళ్లు వాడికి ఎవరు తిండి పెడతారు?


కొర్రల అక్క

అన్నా, మీరు అన్నది నిజం. కౌలుకు ఇచ్చినాయన వచ్చే ఏడు నేల వెనక్కి తీసుకుంటే, కప్పిన కట్టెంతా ఆయనకే మిగులుతుంది. మాది సొంత నేల కాబట్టి ఓపిక పట్టాం. అది కూడా మా ఆయన పంపిన డబ్బుమీద.


మంజీర (జహీరాబాద్)

తిండి విషయంలో మా ప్రాంతపు అనుభవం ఒకటి చెప్పాలి. పస్తాపూర్ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1990ల్లో బీడు భూములను సాగులోకి తెచ్చుకోవడానికి అప్పు తీసుకున్నారు, ఆ అప్పును డబ్బుతో కాక జొన్నలతో తీర్చారు. ఊరి గింజల నిధిలో చేరిన ఆ జొన్నలను ఊళ్లోని పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఊరిలో ఎవరు ఎంత పేదవారో కూడా ఊరివారే కూర్చుని తేల్చారు. అంటే చేలో పండింది ఊరి రేషనయింది.

1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఎందరి కడుపులు నిండాయో నేను చూశాను కాబట్టి దాన్ని తక్కువ చేయను. ఇప్పుడు ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు ఐదు కిలోలు ఉచితంగా వస్తున్నాయి. వాన అదను తప్పినా మెతుకు దొరుకుతోందంటే కారణం అదే. కాని ఆ బియ్యం మన మెట్టచేను నుంచి వచ్చింది కాదు, ఎక్కడో నీళ్లున్నచోట పండింది. అక్కడ కృష్ణ ఒడ్డు గారి కంకులు మొలకెత్తితే, మన పళ్లెమూ ఖాళీ అవుతుంది. చట్టంలో చిరుధాన్యాలకూ చోటుంది. జొన్న, కొర్ర, సజ్జ పండించినచోటనే కొని అక్కడే ఇస్తే, అక్క అడిగిన ధరా దొరుకుతుంది, పప్పుల ఊసెత్తని ఆ ఐదు కిలోల్లో కొంచెం బలమూ చేరుతుంది.


లెక్కల గుమస్తా

పంతులు గారి మొదటి ప్రశ్న బీమా దగ్గర అందరూ మరిచినట్టున్నారు. నేను కొన్నేళ్లు పంటల బీమా కాగితాల మధ్య పనిచేశాను, ఎక్కడ అన్నది వద్దు.

2016 ముంగారులో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ఆహార, నూనెగింజల పంటలకు రైతు వాటా ముంగారులో 2 శాతం. పంటల బీమాలో పరిహారం లెక్కకు రెండు దారులున్నాయి. ఒకటి ఫసల్ బీమాది, ఎంపిక చేసిన చేలలో పంట కోసి తూచి, ఆ సగటును గ్రామానికో మండలానికో వర్తింపజేయడం. రెండోది, దానితోపాటు విడి పథకంగా ఉన్న వాతావరణ బీమా: ఎంపిక చేసిన వాతావరణ కేంద్రంలో నిర్ణీత రోజుల్లో ఎంత వాన పడింది, వరుసగా ఎన్ని పొడి రోజులు నడిచాయి అన్నదాన్ని బట్టి చెల్లించడం. నిజానికి ఈ రెండోదానిలో పంతులు గారు అడిగిన 'అదను' లెక్క ఉంది. పొడి రోజులను అది విడిగా లెక్కపెడుతుంది. చిక్కు ఎక్కడంటే, ఆ గేజి మీ చేనులో లేదు. మన వానలు ఇప్పుడు ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఒక కొమ్ము ఎండినట్టు పడుతున్నాయి. మండల కేంద్రంలో రెండున్నర మిల్లీమీటర్ల జల్లు ఒకటి పడిందంటే ఆరు కిలోమీటర్ల అవతలి మీ ముప్పై నాలుగు సున్నాల వరుస కాగితం మీద తెగిపోతుంది. ఫోను చేసి ఏడ్చిన రైతులకు నేను ఈ మాటే చెప్పేవాణ్ణి, చెబుతూ సిగ్గుపడేవాణ్ణి.

ఒక సలహా. ఊరికొక గేజి పెట్టించమని గ్రామసభలో తీర్మానం చేయించి పంపండి. మీ నోటు పుస్తకానికి చట్టబద్ధత లేకపోవచ్చు, కానీ వాదించేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి.


సేద్యశాస్త్రి

నీటి సంగతి మిగిలింది. 2016 ఆగస్టులో బెట్ట వచ్చినప్పుడు అనంతపురంలో రెయిన్‌గన్‌లతో, అంటే నీటిని వానలా దూరంగా చిమ్మే యంత్రాలతో, వేరుశనగను కాపాడే ప్రయత్నం పెద్దఎత్తున చేశారు. ఆలోచన తప్పు కాదు, ఊడలు దిగే వేళ ఒక్క తడి దొరికితే పంట నిలబడుతుంది. అయితే ఆ తడికి నీరు దగ్గర్లో ఉండాలి. ట్యాంకరుతో మోసి జిల్లాను తడపలేం. ఎకరాలో ఒక మూల పంట కుంట ఉండి, ముందు వానల్లో పొర్లిన నీరు అందులో నిలిచి ఉంటే, అప్పుడు డీజిలింజనూ ఆ గన్నూ పనికొస్తాయి. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో రైతు యాకూబా సావడోగో గట్టిపడిన బీడులో చిన్నచిన్న గుంతలు తీసి, ఎరువు వేసి, వానకు ముందే సిద్ధం చేసి జొన్న పండించాడు. 2018లో రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం అందుకున్నాడు. అక్క చేసే పనికీ దానికీ మూలం ఒకటే: పడ్డ చినుకు పడ్డచోట ఆగాలి.

ఒక హెచ్చరిక కూడా. చివర్లో బెట్ట తగిలి, ఆపైన తడిసిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టించే బూజు పెరుగుతుంది. పంతులు గారూ, ఆ బూజుపట్టిన కట్టెనూ నల్లబడ్డ కాయనూ పశువులకు వేయకండి. పాలలోకి కూడా వస్తుంది. పిల్లలకు ఇచ్చే చిక్కీలకు అలాంటి కాయ అసలు వాడకూడదు. నష్టపోయినవాడు పాడైన కాయను పారేయలేడని నాకు తెలుసు, అందుకే నొక్కి చెబుతున్నాను.


పాత పంతులు

అందరికీ కృతజ్ఞతలు. శాస్త్రి గారి హెచ్చరిక చదివి ఈ ఉదయం పశువుల కొట్టంలో మిగిలిన కట్టెవామిలో సగం గుంటలో వేయించాను. మా ఇంటావిడ రెండు పూటలు మాట్లాడలేదు.

ఈ ఏడు ఇట్లా అనుకుంటున్నాను. వేరుశనగ ఒక్క ఎకరమే, కదిరి లేపాక్షి రకం విత్తనం దొరికితే అది. ఒక ఎకరా విత్తడానికి వేరుశనగ పప్పు యాభై కిలోలకు పైన కావాలి, కొర్రకైతే రెండు కిలోలు చాలు. అదను తప్పి విత్తనం పోయినా రెండు కిలోలే పోతుందన్న లెక్క ఇన్నేళ్లు పంతులుగా ఉండి నాకెందుకు తట్టలేదో తెలియదు. రెండెకరాల్లో కొర్ర, కంది కలిపి వేస్తాను. మిగిలిన రెండెకరాల్లో అక్క చెప్పినట్టు ఎండాకాలపు గుళికలు. పిట్టల భయంతో పక్క చేనువాళ్లు ముగ్గురిని ఒప్పించాను, నాలుగోవాడు ఆలోచిస్తున్నాడు. ఊరికొక గేజి తీర్మానం వచ్చే గ్రామసభలో పెడుతున్నాం.

అక్కా, ఒక్క సందేహం. గుళికలకు మీరు వాడేది చెరువు మట్టా, పుట్టమన్నా? మా చెరువు ఎండిపోయి అడుగున అంతా కంపచెట్లే ఉన్నాయి.


కొర్రల అక్క

పుట్టమన్ను మంచిది సార్, జిగురుంటుంది. దొరక్కపోతే ఎర్రమట్టినే రెండుసార్లు జల్లించి వాడండి. బూడిద ఎక్కువైతే గుళిక ఎండాక పగిలిపోతుంది, మట్టిలో నాలుగో వంతు దాటనివ్వకండి. నీడలోనే ఆరబెట్టండి. నువ్వులు, ఆకుకూర గింజలు విడిగా చేయండి. పెద్ద గింజలతో కలిపి తిప్పితే వాటికి మట్టి పట్టదు. రోహిణికి పది రోజుల ముందు మా ఊరికి రండి, జల్లెడ ఎట్లా తిప్పాలో మా అత్త చూపిస్తుంది.